బండి ముచ్చట్లు: బిగించిన కారు, చేసిన కారు

పోయిన నెల ఇదే పేజీలో ఎవరో అడిగిన మైలేజీ ప్రశ్నకి జవాబు రాస్తూ, మాటల్లో మాటగా 'మన దేశంలో కార్ల తయారీ 1940లలో మొదలైంది కదా' అని ఒక ముక్క అనేసి ముందుకెళ్లిపోయాను. అదే తప్పయింది. ఆ ముక్క పట్టుకుని ఉత్తరాలే ఉత్తరాలు, కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది దులిపేస్తూ. సరే, ఈసారి టైర్ల గాలి, బ్యాటరీ, ఇన్సూరెన్సు ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. అవి రాసినవాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీ వంతే.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. 'భారతదేశంలో మొదటి కారు కంపెనీ' అని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఒక పుస్తకంలో హిందుస్థాన్ మోటార్స్, 1942 అని ఉంది. వాళ్ల తాతయ్య బొంబాయి ప్రీమియర్ అంటారు. ఇంకోచోట 1928లోనే బొంబాయిలో షెవర్లే కార్లు తయారయ్యాయని చదివాం. మీరేమో 1940లు అని వదిలేశారు. ఏది రాయాలండీ? శుక్రవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. (వడపళని నుంచి ఒక తల్లి)

జవాబు: ఉత్తరం నా చేతికొచ్చేసరికే ఆ శుక్రవారం దాటిపోయిందమ్మా, మార్కులు కూడా వేసేసి ఉంటారు. అయినా చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన మూడింట్లో ఏదీ తప్పు కాదు. చిక్కంతా 'తయారీ' అన్న మాట దగ్గరే ఉంది.

మీ వీధి చివర కొట్లో ప్యాకెట్ పిండి కొని తెచ్చి, రేకుల్లో పోసి ఆవిరి పట్టించారనుకోండి. ఇంటికొచ్చినవాళ్లు ఇడ్లీ ఎవరు చేశారని అడిగితే నేనే అంటారు, అందులో అబద్ధమేం లేదు. కానీ పప్పు నానబోసింది, రుబ్బింది, పులియబెట్టింది ఇంకెవరో. 1928లో బొంబాయి శివ్‌డీలో షెవర్లే కార్ల అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ వాళ్లు మొదలుపెట్టింది ఈ ప్యాకెట్ పిండి ఇడ్లీయే. ఇంజనొక పెట్టెలో, ఇరుసులొక పెట్టెలో, రేకులింకో పెట్టెలో సర్ది ఓడెక్కిస్తే ఇక్కడ దించుకుని, పెట్టెలు విప్పి, వరసలో పెట్టి బిగించి, రంగేసి, సీట్లు కుట్టి బయటికి పంపేవాళ్లు. దీన్నే సీకేడీ అంటారు, అంటే పూర్తిగా విడదీసి పంపిన సెట్టు. నిండు కారు కంటే ముక్కల కారు ఓడలో తక్కువ చోటు తింటుంది, కిరాయి కలిసొస్తుంది, బిగించే కూలీ ఇక్కడ చవక. ఫోర్డ్ వాళ్లు కూడా 1926లో ఇక్కడ కంపెనీ పెట్టుకుని, ఆ తర్వాత కొన్నేళ్లకి బొంబాయిలో, కలకత్తాలో, మన మద్రాసులో ఇదే పని చేశారు. అంటే మద్రాసు మేస్త్రీల చేతికి కారు బిగించడం అలవాటై తొంభై ఏళ్లు దాటిందన్నమాట.

ఇక హిందుస్థాన్ మోటార్స్. బిర్లాలు 1942లో గుజరాత్‌లో ఓఖా రేవు దగ్గర పెట్టారు. పెట్టెలు ఓడ మీద వచ్చే రోజుల్లో రేవు పక్కన ఎందుకు పెట్టారో మీ అబ్బాయినే చెప్పమనండి, చెప్పేస్తాడు. 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకి మారారు. ఇంగ్లండు మోరిస్ కార్ల నమూనాతో హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ల్యాండ్‌మాస్టర్ అంటూ వచ్చి, 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని అంబాసిడర్ చేశారు. ప్రీమియర్ వాళ్లు 1944లో కంపెనీ పెట్టి, అమెరికా క్రైస్లర్‌తో ఒప్పందం మీద 1947లో బొంబాయి కుర్లా నుంచి డాడ్జి, ప్లిమత్, డిసోటో బళ్లు వదిలారు, ఫియట్ ఆ తర్వాత. మొదట్లో వీళ్లదీ ప్యాకెట్ పిండే, అందులో దాపరికం లేదు. కాకపోతే ఈ యేడు రేడియేటరు మనం చేద్దాం, పై యేడు గేర్లు మనం కోద్దాం, తర్వాత ఇంజను దిమ్మ మనమే పోత పోద్దాం అని ఒక్కొక్కటే ఇంట్లోకి తెచ్చుకోవడం వీళ్ల పథకంలోనే ఉంది, 1928 వాళ్లకి ఆ అవసరమే లేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే, ఇక్కడ పెద్ద ఎత్తున కారు బిగించినవాళ్లలో ముందు జనరల్ మోటార్స్ అని, మనవాళ్ల డబ్బుతో పుట్టిన కార్ల కంపెనీల్లో ముందు హిందుస్థాన్ మోటార్స్ అని రెండూ రాయమనండి. తాతయ్యగారి మాట కూడా కొట్టిపారేయకండి, ప్రీమియర్ కంపెనీ 1944దే అయినా ఆ ఆలోచన అంతకంటే పాతది. అది కింద ఉత్తరంలో వస్తుంది, ఆయనకి చదివి వినిపించండి.

ప్రశ్న: విశ్వేశ్వరయ్యగారు కారు ఫ్యాక్టరీ కోసం దేశాలన్నీ తిరిగారని, తెల్లవాళ్లు పడనివ్వలేదని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా, లేక ఆయన పూర్వులది మన మోక్షగుండమని అభిమానం కొద్దీ అన్న మాటా? (బెంగళూరు మల్లేశ్వరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిజమేనండీ, అభిమానం కలిపినా కలపకపోయినా నిజమే. 1930ల మధ్య మాట ఇది. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి, మైసూరు దివాన్ పదవి 1918లోనే వదిలేశారు, ఇంట్లో కూర్చుని పెన్షన్ లెక్క చూసుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆ వయసులో యూరప్, అమెరికా వెళ్లి కార్ల ఫ్యాక్టరీలు తిరిగి చూసి, ఎంత పెట్టుబడి కావాలి, ఏటా ఎన్ని బళ్లు చేస్తే గిట్టుబాటవుతుంది అని లెక్కలతో సహా స్కీము రాసుకొచ్చారు. బొంబాయి నుంచి వాల్‌చంద్ హీరాచంద్, తర్వాత ప్రీమియర్ పెట్టిన వ్యాపారవేత్త ఈయనే, దాన్ని అందుకున్నారు. అక్కడి కాంగ్రెస్ మంత్రివర్గం సానుకూలంగానే ఉంది కానీ, 1939లో యుద్ధం వచ్చిపడి మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. వాల్‌చంద్ వదల్లేదు, 1940లో క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇక కావలసిందల్లా, దీన్ని యుద్ధానికి అవసరమైన పరిశ్రమగా సర్కారు గుర్తించడం. అది ఉంటేనే అమెరికా నుంచి యంత్రాలు తెచ్చుకోవడానికి డాలర్లు వస్తాయి. సర్కారు గుర్తించలేదు. సైన్యానికి లారీలు చాలక విదేశాల నుంచి తెప్పించుకుంటున్న రోజుల్లో లారీలు చేస్తానన్నవాడిని వద్దన్నారు!

ఇదే వాల్‌చంద్ చేతిలో అదే రోజుల్లో మిగతా రెండు పనులు ఎలా నడిచాయో చూడండి. 1940 డిసెంబరులో మైసూరు సంస్థానంతో కలిసి మీ బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టారు. 1941 జూన్‌లో మన విశాఖపట్నంలో ఓడల కార్ఖానాకి రాజేంద్రప్రసాద్‌గారి చేత శంకుస్థాపన చేయించారు. విమానానికి దారి దొరికింది, ఓడకి దొరికింది, నాలుగు చక్రాల బండి మాత్రం యుద్ధం అయ్యేదాకా కదల్లేదు. విమానాల రిపేరు వాళ్లకి తక్షణం అవసరం, కారు అలా కాదు, కారు మనం చేసుకుంటే వాళ్ల కార్లు అమ్ముడుపోయే చోటు పోతుంది. ఇది నా అనుమానం, కాగితం చూపించమంటే చూపించలేను. ఈసారి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ విమానాల కంపెనీ, అదే ఇప్పటి హెచ్ఏఎల్, ప్రహరీ పక్కన బండి ఎలాగూ ఆగే ఉంటుంది కదా, అప్పుడు మీ నాన్నగారి మాట గుర్తు చేసుకోండి.

ప్రశ్న: 2021లో మరైమలై నగర్ ఫ్యాక్టరీ ఆపేస్తామని ఫోర్డ్ వాళ్లు ప్రకటించిన రోజు మా పక్కింటి పెద్దాయన 'వీళ్లకిది కొత్త కాదు, నా చిన్నప్పుడూ ఇలాగే వెళ్లారు' అన్నారు. అప్పుడెందుకు వెళ్లారు? నెహ్రూగారు తరిమేశారా? (అన్నానగర్ నుంచి)

జవాబు: పెద్దాయనకి జ్ఞాపకశక్తి గట్టిది. తరిమేశారు అనడం మాత్రం కొంచెం ఎక్కువ. ఉంటే ఇలా ఉండాలి అని సర్కారు అంది, అలాగైతే ఉండలేం అని వీళ్లన్నారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇక్కడ కార్లు బిగించే కంపెనీలు పుట్టగొడుగుల్లా ఉన్నాయి. ఒక్క మద్రాసులోనే ఎన్ని! అమ్ముడయ్యే కార్లు చూస్తే వేలల్లో, రకాలు డజన్లలో. ఒక్కో రకం ఏడాదికి కొన్ని వందలే పోతుంటే దాని కోసం ఎవరు ఇక్కడ ఇంజను దిమ్మకి అచ్చు చేయిస్తారు, ఎవరు రేకు నొక్కే డై కొంటారు? తలుపు రేకు ఒక్కటి నొక్కడానికి చేయించే డై ఖరీదు లక్ష తలుపుల మీద పంచుకుంటే తెలియదు, వెయ్యి తలుపుల మీద పంచితే తలుపే బంగారమవుతుంది. కారు వ్యాపారం మొత్తం ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది, ఆ రోజైనా ఈ రోజైనా.

1949లో సర్కారు నిండు కార్ల దిగుమతి ఆపేసింది. తర్వాత సర్కారు వేసిన టారిఫ్ కమిషన్ (సుంకాల సంగతి చూసే సంఘం) పరిశ్రమనంతా పరిశీలించి 1953లో నివేదిక ఇచ్చింది. దాని సారం ఒక్కటే: ఫలానా ఏటికల్లా ఫలానా భాగాలు ఇక్కడే చేస్తామని పథకం చూపించి అనుమతి తెచ్చుకున్నవాళ్లే ఉండండి, ఊరికే బిగించేవాళ్లు మూడేళ్లలో సర్దుకోండి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఆ కొద్ది అమ్మకాల కోసం ఇక్కడ పోతలూ అచ్చులూ పెట్టడం దండగనుకున్నాయి. 1954కల్లా రెండూ దుకాణం కట్టేశాయి. హిందుస్థాన్, ప్రీమియర్, మద్రాసు స్టాండర్డ్, మద్రాసుదే అశోక్ మోటార్స్, ఇలా పథకం చూపించిన కొందరు మిగిలారు. లారీలకి టాటా వాళ్లు అదే 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిశారు.

ఇది మంచి పనేనా అని మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఆ నిబంధన లేకపోతే ఇవాళ మనకి కారు భాగాలు చేయడం ఇంతగా వచ్చేది కాదు. ఆ నిబంధన వల్లే మన నాన్నలు, తాతలు ఒకే కారు ముప్పై ఏళ్లు చూశారు. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచేవాళ్లతో నాకు పడదు.

ప్రశ్న: మా తాతగారు వండలూరులో స్టాండర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. హెరాల్డ్ కారు గురించి చెబుతుంటే ఆయన కళ్లు మెరిసేవి. ఇప్పుడు నా స్నేహితులకి చెబితే అలాంటి కంపెనీ ఉండేదా అంటున్నారు. మద్రాసులో కార్ల చరిత్ర అంటే అందరూ హ్యుందాయ్‌తోనే మొదలుపెడతారేంటి? (తాంబరం నుంచి ఒక అమ్మాయి)

జవాబు: ఈ ఉత్తరం కోసమే కాచుక్కూర్చున్నాను తల్లీ. హ్యుందాయ్ ఇరుంగాట్టుకోట్టైకి వచ్చింది 1996లో. అప్పటికి మద్రాసులో కారు పుట్టి, పెరిగి, పోయి కూడా ఎనిమిదేళ్లయింది.

ఇంగ్లండులో కోవెంట్రీ ఊరి స్టాండర్డ్ మోటార్ కంపెనీ, ఇక్కడి యూనియన్ కంపెనీ కలిసి 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ పెట్టారు. మొదట వాన్‌గార్డ్, తర్వాత స్టాండర్డ్ 8, 10, పెన్నెంట్, 1961లో హెరాల్డ్. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్, రూపం గీసింది ఇటలీ ఆయన మికెలోట్టి. అక్కడ 1963లో స్టాండర్డ్ అనే పేరే తీసేశారు, ఇక్కడ వండలూరులో మాత్రం ఆ పేరు ఇంకో పాతికేళ్లు బతికింది. కన్నవాళ్లు వదిలేసిన పేరుని పెంచినవాళ్లు మోసినట్టు.

హెరాల్డ్‌ని దగ్గర్నుంచి చూడని పిల్లలకి ఒక మాట. దాని బానెట్ మామూలుగా పైకి లేవదు. ముందు రెండు మడ్‌గార్డులూ, లైట్లూ, ముక్కూ అన్నీ కలిసి ఒకే రేకుగా, ముందుకి వంగి, మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. ముందు చక్రాలు, ఇంజను, స్టీరింగు అన్నీ ఒక్కసారి బయటపడతాయి. మా చింతాద్రిపేట వర్క్‌షాపుకి హెరాల్డ్ వస్తే కుర్రాళ్లు పోటీపడేవాళ్లు, ఎందుకంటే ముందు టైరు మీద కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుని హాయిగా ఇంజను పని చేసుకోవచ్చు. నడుం వంచాల్సిన పనే లేదు. 948 సీసీ ఇంజను, చిన్నది. పాతిక అడుగుల వెడల్పు దొరికితే చాలు, గిర్రున వెనక్కి తిరిగేది. మైలాపూరు మాడవీధుల్లో అంబాసిడర్ వాడు మూడుసార్లు వెనక్కీ ముందుకీ అంటుంటే హెరాల్డ్ వాడు ఒక్క తిప్పుతో తిరిగి నవ్వుకుంటూ పోయేవాడు.

ఇంకో విశేషం ఉంది. ఆ రోజుల్లో కొత్త కార్లన్నీ ఒకే ఒంటి రేకు పెట్టెలా మారిపోతుంటే, హెరాల్డ్‌కి మాత్రం కింద వేరే ఛాసిస్ (చట్రం), పైన బాడీ ముక్కలు ముక్కలుగా నట్లతో బిగించడం. ఇది పాతకాలపు పద్ధతి కదా, ఎందుకు చేశారంటే, ఇంగ్లండులో వాళ్లకి బాడీలు చేసిచ్చే పెద్ద కంపెనీని పోటీదారు కొనేశాడు. ఇక నిండు బాడీ చేసిచ్చేవాళ్లు దొరక్క, చిన్న చిన్న ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించుకుని బిగించేలా డిజైన్ చేసుకున్నారు. వాళ్ల కష్టం మనకి కలిసొచ్చింది. పెద్ద ప్రెస్సులు లేని దేశానికి ముక్కల బాడీ కంటే అనువైనది ఏముంది! తర్వాత మనవాళ్లు ఇంకో అడుగు వేసి 1960ల చివర్లో దానికి నాలుగు తలుపులు పెట్టారు. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో కూడా లేదు, వండలూరులోనే ఉంది. మీ తాతగారి కళ్లు మెరిశాయంటే ఊరికే కాదు.

1972లో దాన్నే మార్చి గజెల్ అన్నారు, కొన్నేళ్లకి అదీ ఆగి వ్యాన్ల మీద నెట్టుకొచ్చారు. 1985లో స్టాండర్డ్ 2000 అని రోవర్ బాడీతో పెద్ద కారు తెచ్చారు. బాడీ చూస్తే సూటేసుకున్న దొర, లోపల ఇంజను మాత్రం వాన్‌గార్డ్ కాలపుదాని వారసత్వం. అప్పటికే మారుతి 800 బజార్లో ఉంది. 1988లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. మద్రాసులో కారు పోయింది గానీ కారు లోపలి సరుకు పోలేదు. పైన చెప్పిన 'ఇక్కడే చేయాలి' నిబంధనకి కార్ల కంపెనీలు తలలు పట్టుకుంటుంటే, ఈ ఊళ్లో భాగాలు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. పెరంబూరు పక్క సెంబియంలో ఆ నిబంధనకంటే ముందే, 1949లోనే ఇండియా పిస్టన్స్, సింప్సన్ వాళ్ల బృందానిది. టీవీఎస్ వాళ్లు 1960ల మొదట్లో పాడి చుట్టుపక్కల ఇంగ్లండు కంపెనీ లూకాస్‌తో కలిసి డైనమోలు, స్టార్టర్లు, ఇంకోచోట చక్రాలు, ఇంకోచోట బ్రేకులు. తిరువొత్తియూరులో 1946లో పిల్లల బెలూన్లు చేసుకునే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ 1960ల మొదట్లో టైర్లలోకి దిగింది, అదే ఎమ్మారెఫ్. ఎన్నూరులో రఘునందన్ శరణ్ 1948లో కొడుకు పేరు మీద పెట్టిన అశోక్ మోటార్స్, ఆస్టిన్ కార్లు బిగించడంతో మొదలై, 1950లో లేలాండ్‌తో ఒప్పందం చేసుకుని లారీలకి మళ్లి, 1955లో అశోక్ లేలాండ్ అయింది. మీరెక్కే బస్సు అదే.

నా వర్క్‌షాపు బల్ల మీద చాలాకాలం రెండు పాత డైనమోలు పక్కపక్కనే ఉండేవి. రెండూ లూకాస్ పేరువే, రెండూ ఒకే పొడుగు, ఒకే బరువు. ఒకదాని మీద ఇంగ్లండ్ అని ముద్ర, రెండోదాని మీద ఇండియా అని. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజు పాఠం అదే: 'ఈ రెండిటికీ తేడా చెప్పు'. విప్పి, తీగ చుట్టలు లెక్కపెట్టి, బుష్షులు కొలిచి, సాయంత్రానికి 'ఏం తేడా లేదన్నా' అనేవాడు. ఆ మాట కోసమే అడిగేవాణ్ణి. 1990ల్లో హ్యుందాయ్, ఫోర్డ్ ఊరు వెతుక్కుంటూ ఇక్కడికి రావడానికి రేవు, స్థలం, రాయితీలు చాలా కారణాలున్నాయి. కానీ పాడిలో, సెంబియంలో, అంబత్తూరులో ఆ చేతులు లేకపోతే వచ్చేవాళ్లు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మన ఆంధ్రాలో ఏదైనా ఉందా అండీ ఈ కథలో, లేక అంతా బొంబాయి, కలకత్తా, మద్రాసేనా? (సౌకార్‌పేట నుంచి, సొంతూరు గుడివాడ)

జవాబు: మీ ఊరి పక్కనే ఉంది! మౌంట్ రోడ్డులో సింప్సన్ కంపెనీ 1840 నుంచి గుర్రపు బగ్గీలు చేసేది. అక్కడి శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరితో నడిచే కారు కట్టాడు. ఆ తర్వాత వాళ్లు కట్టిన ఆవిరి బస్సు బెజవాడ, మచిలీపట్నం మధ్య నడిచిందని మద్రాసు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. గుడివాడ మీదుగా వెళ్లిందా, ఉయ్యూరు మీదుగానా అని మాత్రం నన్ను అడగకండి.

ప్రశ్న: మా మామగారు ఫియట్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఆగారట. ఈ కాలం పిల్లలకి చెబితే నమ్మట్లేదు. డబ్బిస్తామంటే కారు చేయడానికి వాళ్లకేం రోగం? (నుంగంబాక్కం నుంచి)

జవాబు: రోగం కంపెనీలో కంటే కాగితాల్లో ఎక్కువ ఉండేది. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సులో రాసి ఉంటుంది, దాటితే తప్పు. ఇక్కడ దొరకని ఉక్కు రేకు, బేరింగులు బయటినుంచి తేవాలంటే దిగుమతి లైసెన్సు. 1957-58లో విదేశీ మారకం అడుగంటాక అది ఇంకా బిగిసింది, బస్సూ లారీ ముఖ్యం, కారు డబ్బున్నవాడి సరదా అని కారుకి చివరి వరస. ధర మీద కూడా సర్కారు పట్టు. 1969లో చట్టం ప్రకారమే ధర కట్టేస్తే కంపెనీలు సుప్రీంకోర్టుకెళ్లాయి, 1975కి గానీ అది తొలగలేదు. 1970లలో దేశం మొత్తానికి ఏటా తయారయ్యేవి సుమారు ముప్పై, నలభై వేల కార్లు. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దారిలో ఒక్క ఫ్యాక్టరీకి అది నెల పని కూడా కాదు.

ధర కట్టేసి, సరుకు తక్కువైతే ఏమవుతుందో రేషన్ కొట్టు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త కారు ఇంటికి తెచ్చిన మర్నాడే కొన్నదానికంటే ఎక్కువకి అడిగేవాళ్లు గుమ్మంలో ఉండేవాళ్లు. మీ మామగారు అమ్మేశారా, ఉంచుకున్నారా? రాయలేదు. ఉంచుకుంటే మాత్రం ఆ ఫియట్ ఆయన చేతిలో బాగానే నడిచి ఉంటుంది, అది అలగని బండి.

ప్రశ్న: మా మేనమామగారి షెడ్డులో నాలుగు తలుపుల హెరాల్డ్ పదిహేనేళ్లుగా దుమ్ము కొట్టుకుని ఉంది. బాగుచేయించి నడపాలని ఆశ. స్పేర్లు దొరుకుతాయా? ఎంత జాగ్రత్తపడాలి? (పెరంబూరు నుంచి ఒక ఐటీ ఉద్యోగి)

జవాబు: దొరుకుతాయి బాబూ, ఓపిక ఉంటే. పుదుపేటలో పాత బళ్ల పార్టుల కొట్లు తిరగండి, ఆదివారం వద్దు. ఇంజను సామాను కంటే తలుపు రబ్బర్లు, లైటు చుట్టూ రింగులు, బానెట్ పక్క గొళ్లాలు, ఇలాంటి చిల్లర సామానుకే ఎక్కువ తిప్పలు పడతారు. ఇంగ్లండులో హెరాల్డ్ పిచ్చివాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇంజను, బ్రేకు సామాను అక్కణ్నుంచి తెప్పించుకోవచ్చు, కానీ వెనక తలుపు అక్కడ దొరకదు, ఎందుకో పైన చెప్పాను.

'ఒరిజినల్ సార్, పాత స్టాక్' అన్నవాణ్ణి అక్కడికక్కడే నమ్మకండి. నేను ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణే, ఒకసారి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక కొట్టులో వాటర్ పంపు కొన్నాను. పాత అట్టపెట్టె, పాత చీటీ, పైన దుమ్ము కూడా పద్ధతిగా ఉంది. బిగించి పాండిచ్చేరి బయల్దేరితే చెంగల్పట్టు దాటకుండానే పొగ. విప్పి చూస్తే లోపల బేరింగు ఇంకేదో బండిది, రేకు ముక్క అడ్డుపెట్టి ఇరికించారు. పెట్టె మాత్రం నిజంగా పాతదే. కాబట్టి పంపు కొనేటప్పుడు చేత్తో తిప్పి చూడండి, గరగర వినిపించినా, ఇరుసు పక్కకి ఊగినా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

షెడ్డులోంచి తీసేముందు ఇంజను తిప్పే ప్రయత్నం చేయకండి, పదిహేనేళ్ల పెట్రోలు ట్యాంకులో జిగురై ఉంటుంది. ట్యాంకు దించి కడిగించండి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త నూనె వేసి రెండు రోజులు వదిలేయండి, తర్వాత చేత్తో తిప్పండి. పక్క నుంచి కింద ఛాసిస్ చూడండి, వెనక కమాను పట్టీ దగ్గర, ఇరుసు చేతులు పట్టే చోట తుప్పు ఎంత తిందో స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే ముందు అక్కడ వెల్డింగు ఖర్చు చూసుకోవాలి, రంగు సంగతి ఆ తర్వాత. అన్నిటికంటే ముందు మీ మామయ్యగారినడిగి ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో కనుక్కోండి. అది లేకపోతే మిగతా పనేదీ మొదలుపెట్టకండి, నాకింకో ఉత్తరం రాయండి.